బ్రేకు పైపు మూతి

బ్రేకు పైపు పనిలో నన్ను మించినవాడు వరంగల్‌లో లేడని నేనే చెప్పుకుంటాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే పైపు పట్టుకుని రమ్మనండి. కానీ ఈ మాట అనే ధైర్యం నాకు ఒక్క జీపు వల్ల వచ్చింది.

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. పదకొండేళ్లు నాకు మెకానిక్ పని నేర్పిన ఉస్తాద్‌తో గొడవపడి బయటికొచ్చి, అదే గల్లీలో, ఆయనకు సరిగ్గా ఎదురుగా రేకుల షెడ్డు వేసుకున్నాను. నెల తిరిగినా ఒక్క బండీ రాలేదు. నా వైపు రెండడుగులు వేసినవాళ్లు కూడా ఉస్తాద్ మొహం చూసి అటే తిరిగేవాళ్లు. "పంతం చాలు, పోయి ఉస్తాద్‌ను కలువు" అని ఇంట్లో నా భార్య మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడు తొర్రూరు నుంచి ఒక జీపాయన వచ్చాడు. మరిపెడ రోడ్డులో జనాన్ని ఎక్కించుకుని తిరిగే బండి. బ్రేకు సిలిండర్ పాడైతే, పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఏదో విదేశీ వ్యాను సిలిండర్ వేయించుకున్నాడు. అప్పటి నుంచి దానికి పైపు కలిసే చోట ఆయిలు కారుతోంది. ఉస్తాద్ మూడుసార్లు బాగుచేశాడు. మూడోసారి నట్టుకు నూలు దారం చుట్టి, పైన తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగించాడు. నూలు మిల్లున్న ఊరు మాది, దారానికి కొదవా? నీళ్ల పంపుకు దారమే, ఇంజనుకు దారమే, చివరికి బ్రేకుకూ దారమే! నీళ్ల పైపుకైతే సరే. బ్రేకులో ఆయిలును ఆపేది నట్టు కాదు, పైపు మూతి. అది కుదురుగా కూర్చోకపోతే మిల్లులో దారమంతా చుట్టినా కారుతుంది.

"అన్నా, నిన్న ఎడ్లబండికి గుద్దుడు జరంతల తప్పింది. పద్నాలుగు మంది ఉన్నరు లోపట. నువ్వన్న చూడు" అన్నాడు జీపాయన.

ఉస్తాద్ విన్నాడు. గల్లీ మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"నాతోని కానిది వీనితోనైతదా? అరేయ్, రేపు పొద్దుగూకేదాక టైము. ఒక్క చుక్క కారిందనుకో, ఈ షెడ్డు పీకి నా దగ్గరికొచ్చి పానాలు, సుత్తెలు అందియ్యాలె. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట!" అన్నాను. గల్లీ అంతా వింటోంది మరి. నాకు నోరు ముందు, బుద్ధి తర్వాత.

ఆ సాయంత్రం ఉస్తాద్ నేర్పినట్టే చేశాను. పైపు చివరను మొదట ఉబ్బించి, ఆ ఉబ్బును లోపలికి మడిచి, గరాటులా తెరవాలి. చేశాను, బిగించాను, పెడల్ తొక్కాను. చుక్క కారింది. మళ్లీ చేశాను. మళ్లీ కారింది. రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే సిలిండర్ విప్పి బల్ల మీద పెట్టాను. మామూలు జీపు సిలిండర్‌లో, పైపు దూరే రంధ్రం అడుగున చిన్న బొడిపె ఉంటుంది. గరాటు మూతి దాని మీద టోపీలా కూర్చుంటుంది. దీన్లో ఏముందో? బట్టల సబ్బు తడిపి, మెత్తగా పిసికి, రంధ్రంలోకి నొక్కి బయటికి లాగాను. సబ్బు కొస గుండ్రంగా ఉబ్బి వచ్చింది. ఓర్నీ! లోపల ఉన్నది బొడిపె కాదు, గుంట. గుంటలో గరాటెట్లా కూర్చుంటుంది? ఇన్నాళ్లూ ఒక్కరమూ లోపలికి చూడలేదు. మూతి అంటే గరాటే అనుకుని చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

గుంటకు కావలసింది ఉబ్బు. దానికి కొత్త పనిముట్లేమీ అక్కర్లేదు, రోజూ చేసే పనిని సగంలో ఆపితే చాలు. పైపు మూతి బుడగలా ఉబ్బగానే, మడవకుండా వదిలేశాను. ఒట్టు, అక్కడ ఆగడానికి నా చేతులు ఒక పట్టాన ఒప్పుకోలేదు. సబ్బంతా స్పిరిట్‌తో కడిగి, ఆ సిలిండర్‌తో వచ్చిన నట్టే వేసి, పోగు దారం లేకుండా బిగించి, పైపుల్లో గాలి తీసేశాను. పెడల్ రాయిలా నిలబడింది.

సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. "దారమేదిరా?" అని నవ్వాడు.

"అక్కెర లేదు ఉస్తాద్."

ఆయనే జీపు కిందికి దూరి, అతుకు కింద పేపరు పట్టాడు. "తొక్కు. ఇంక తొక్కు" అన్నాడు. బలమంతా పెట్టి తొక్కాను. పేపరు మీద మరక లేదు. ఆయన జీపెక్కి నా పక్కన కూర్చున్నాడు. "హసన్‌పర్తి దిక్కు పోనియ్" అన్నాడు. జీపాయన వెనక ఎక్కి దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు. దారిలో ఒక దిగుడు దగ్గర, బండి మంచి ఊపు మీదుండగా, ఉస్తాద్ "కొట్టు!" అని అరిచాడు. కొట్టాను. జీపు ఉన్నచోటే ఆగింది. ఉస్తాద్ నుదురు ముందు అద్దం చట్రానికి ఠంగుమని తగిలింది. ఆయన నుదురు పట్టుకునే "బండి తిప్పు" అన్నాడు.

గల్లీకి తిరిగొచ్చాక దిగి, నడిమధ్యన నిలబడ్డాడు.

"ఇనుండ్రి! నేను మూడుసార్లు చెడగొట్టిన. వీడు నిలవెట్టిండు. ఇగ బ్రేకు పనికి నా దగ్గరికి రాకుండ్రి, వీని దగ్గరికి పోండ్రి!"

నుదుటి మీద బొప్పిని రుద్దుకుంటూనే అరిచాడు. నేను జీపు దిగలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే, అందరూ చూస్తుండగా పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను.