తంతి తరువాత వచ్చిన కార్డు

నా చిన్నప్పటి రాజమండ్రిలో మా తాతయ్య టపా బంట్రోతు. మిషన్ బంగళాలో ఉండే దొరసానిగారికి ఉత్తరాలు తెచ్చి ఇచ్చేది ఆయనే. ఆవిడ మా ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేవారు. భర్తకు జబ్బు చేస్తే వైద్యం కోసం ఆయన ఓడెక్కి స్వదేశం వెళ్లారు. ఆ చలికాలంలోనే దొరగారు పోయారని తంతి వచ్చింది. మూడు రోజులు మాకు బడి లేదు.

నెల తిరిగాక ఒక ఉదయం తాతయ్య దారిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, సంచీలోంచి ఒక కార్డు తీసి చూస్తూ ఉండిపోయాడు. ఎర్రటి హృదయం బొమ్మ, చుట్టూ ఊదా పువ్వులు, అంచుకి బంగారు పూత. అంత అందమైన కాగితం నేనెన్నడూ చూడలేదు. వెనకనున్న చేతిరాత దొరగారిదని తాతయ్య గుర్తుపట్టాడు. తంతి వెంటనే వచ్చేసింది. అంతకుముందే ఓడలో బయల్దేరిన కార్డు ఇప్పటికి చేరింది.

“ఇవ్వకండి. ఆవిడ ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నారు,” అంది నాయనమ్మ.

“ఆయన పంపింది ఆవిడకి. మధ్యలో ఆపడానికి నేనెవర్ని?” అన్నాడు తాతయ్య. ఒక్కడే వెళ్లడానికి మనసొప్పలేదేమో, నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

బంగళా వరండాలో కార్డు అందిస్తూ, “అమ్మగారూ, ఇది తంతికన్నా ముందు బయల్దేరిందండి,” అని మెల్లగా చెప్పాడు.

ఆవిడ నిలబడే చదివారు. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి, తమ దేశంలో ఏడాదికొక రోజున ప్రేమించినవాళ్లకి ఇలాంటివి పంపుకుంటారని చెప్పారు. ఆయన రాసిన రెండు ముక్కలూ తెలుగులో వినిపించారు. “ఇక్కడ మంచు పడుతోంది. మన పెరట్లో మామిడి పూసిందా?”

లేని మనిషి అప్పుడే అడిగినట్టుంది. ఆవిడ పెరటివైపు తిరిగి, అచ్చం మా అమ్మలు మాట్లాడినట్టే, “పూసిందండి. పిందెలు కూడా కట్టాయి,” అన్నారు. ఆ జవాబు మాకు కాదు. తాతయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

చాలా ఏళ్లకు మా అమ్మ పోతూ, అలిగి యానాంలో ఉండిపోయిన నా తమ్ముణ్ని క్షమించానని చెప్పమంది. ఇప్పుడు చెప్పి వాణ్ని ఏడిపించడమెందుకన్నారు బంధువులు. నేను పడవెక్కి వెళ్లి చెప్పాను. వాడు రేవులోనే కూలబడి ఏడ్చాడు. పక్కనే కూర్చున్నాను. ఒకరికి చేరవలసిన మాటని, ఎంత బరువైనదైనా, ఈనాటికీ నా దగ్గర ఉంచుకోను.