సిస్టరమ్మ కుట్టిన టోపీ

మా అక్క సులోచన ఇక లేదు. ఈ మాట రాయడానికి కలం సహకరించడం లేదని మొదలుపెట్టబోయాను. బడిలో పిల్లలు అలా రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసిన తెలుగు టీచరును నేను. కలం బాగానే సహకరిస్తోంది, సహకరించనిది మనసే. పోయిన నెల ఒక మధ్యాహ్నం భోజనం చేసి, ఎప్పటిలాగే వాకిట్లో నిలిపిన తన క్యాంపర్ బండిలోకి కునుకు తీయడానికి వెళ్లింది. చాయ్ తీసుకుని వెళ్లి పిలిచాను. పలకలేదు. ఈ మొద్దు నిద్ర ఏమిటని విసుక్కున్నాను కూడా. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పైన ఏసీ నడుస్తోంది కదా, అందుకే చల్లగా ఉందనుకున్నాను. అలా అనుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆమెను ఇంట్లోకి మోసుకెళ్లాక ఎవరో గుర్తుచేస్తే వెళ్లి ఏసీ ఆపాను. బండి కప్పు మీద కూర్చుని రెండేళ్లుగా మా వాకిలంతా గురగురలాడించిన ఆ యంత్రం ఆగేసరికి ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. ఆ చప్పుడు మీద నేను చేసిన ఫిర్యాదులకు లెక్కలేదు. ఇప్పుడు అదే చప్పుడు కోసం నా చెవులు కాచుకుని ఉన్నాయి.

ఆర్మూరు వాళ్లకు అక్కను పరిచయం చేయనక్కరలేదు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేది. ఇంత మందికి సిస్టర్ అయిన మనిషికి తోడబుట్టినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన ప్రతివాళ్లకూ ఆ రోజు డ్యూటీ ఉండెనని చెప్పేది. నా భర్త పోయిన తర్వాత నన్ను రమ్మని పిలవలేదు, నేను వస్తానని అడగలేదు. ఒకరోజు వచ్చి నా పెట్టె ఎత్తుకుని నడిచింది, నేను వెంట నడిచాను. అప్పటి నుంచి ఒకే పొయ్యి, ఒకే చాయ్ గిన్నె, పూటకొక పోట్లాట.

కుట్లు వేయడంలో ఆమెది నిరుపమానమైన హస్తవాసి. సంతలో మనుషులు ఆమెను ఆపి, చొక్కా చేయి పైకి మడిచి, కొడవలి తెగిన చోట గీతలా మిగిలిన మచ్చను గర్వంగా చూపేవాళ్లు. ఆమెకు ముఖాలు గుర్తుండేవి కావు, కుట్లు గుర్తుండేవి. కుట్టు పూర్తయ్యాక ముడి పక్కన బొటనవేలితో ఒకసారి మెల్లగా అదిమి, అయిపోయిందని చెప్పడం ఆమె అలవాటు. ఆ అదుముడుతోనే నొప్పి సగం తగ్గిందని చెప్పే రైతులు ఇప్పటికీ ఉన్నారు.

అంతటి ధీరకు ఒక్క బలహీనత ఉండేది. అక్కకు ఎండ పడదు. ఎండాకాలంలో మా ఊరి రాతిగుట్టలు పగలంతా కాగి, పొద్దుగూకినా సెగ కక్కుతూనే ఉంటాయి. ఆ సెగలో, తిరగని పంకాల కింద, వార్డులో ఆమె యౌవనమంతా గడిచింది. రిటైరైన తర్వాత తనకు రెండే కోరికలు ఉన్నాయని చెప్పింది. ఒకటి, చల్లటి చోట పడుకోవాలి. రెండు, మా పక్క నుంచే పారిపోయే గోదావరి చివరికి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో పోయి చూడాలి. రెండింటికీ కలిపి ఆమె కనిపెట్టిన ఉపాయమే ఈ బండి. ఎవరో హైదరాబాదు వాళ్లు వాడి వదిలేసిన పాత క్యాంపర్. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి గట్టు, కప్పు మీద ఏసీ, ఆ ఏసీ మీద తెల్లటి ప్లాస్టిక్ మూత. ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, తానే తోలుకుని వచ్చింది. దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. ఊరు మాత్రం సిస్టరమ్మ అంబులెన్సు అని పిలిచింది.

మొదటి వేసవిలోనే ఏర్గట్ల దారిలో ఒక సంఘటన జరిగింది. ఆమె స్వభావమంతా అందులోనే ఉంది కనుక వివరంగా చెబుతాను. రోడ్డు పక్క మైదానంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. మేము నీడ చూసుకుని బండి ఆపుకుని తింటున్నాం. చూస్తుండగానే మబ్బు కమ్మి రాళ్లవాన మొదలైంది. రైతులు పరదాలు పట్టుకుని పరుగులు తీస్తున్నారు. దొంకేశ్వర్ నుంచి పుట్టింటికి వచ్చి తండ్రి పంటకు కాపలా ఉన్న ఒక ఆడమనిషి కుప్పకు మాత్రం పరదా లేదు. ఆమె తన కొంగు విప్పి కుప్ప మీద పరుస్తోంది. అక్క బండి వెనక నిచ్చెన ఎక్కి, ఎండ తగలకుండా ఏసీ మీద తాను రోజూ కట్టే పరదాను తాళ్లతో సహా లాక్కుని కిందికి విసిరింది. పసుపు దక్కింది. నిమ్మకాయలంత రాళ్లు పడి ఏసీ మూత ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది.

నేను మూత వంక చూసి మొత్తుకున్నాను. అక్క తడిసిన చీర పిండుకుంటూ ఈ మాట మాత్రం అంది.

"మూతకు కుట్లు ఏస్త. పసుపుకు ఏసుడు నాతోని కాదు గదా."

పెర్కిట్‌లో ఫైబర్ పని చేసే రఫీక్ మాకు ఎప్పటి నుంచో తెలిసినవాడు. అతని పెద్ద కూతురిని ఈ లోకంలోకి తెచ్చిన చేతులు అక్కవే. అతను కప్పు ఎక్కి చూసి, ఇది ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్కని, అతుకు నిలవదని, కొత్తది వేసుకోవడమే మేలని చెప్పాడు. కొత్తదాని కోసం అక్క దుకాణాలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఆమె నోట ఆ వస్తువు పేరు టోపీ. నా బండికి టోపీ కావాలంటే అవతలివాళ్లు నవ్వి పెట్టేసేవాళ్లు. నేను ఉండబట్టలేక, దాన్ని కనీసం కవరు అనమని, తెలుగే కావాలంటే శీర్షాచ్ఛాదనం అనమని సలహా ఇచ్చాను. గంత పెద్ద మాట నాలుగు బోల్టుల మీద నిలబడదని ఆమె తీర్పు చెప్పింది. చివరికి పట్నంలో ఒక దుకాణం పార్సిల్ పంపింది. విప్పి చూస్తే అది వేరే ఏసీది, మా దాంట్లో సగం కూడా లేదు. అక్క దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు నవ్వింది.

"టోపీ అడిగిన. టోపీ పెట్టిండ్రు."

ఆ మాట ఊరంతా పాకింది. ఆ చిన్న మూత బోర్లించి ఉన్న కుండీలా మా గోడ పక్కన ఇప్పటికీ ఉంది, పిచ్చుకలు దాని మీద వాలతాయి.

ఇక అక్కే స్వయంగా శస్త్రచికిత్స ఆరంభించింది. పగులు ముందుకు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేయాలని రఫీక్ చెప్పాడు, అతని దగ్గరి డ్రిల్లు ఇచ్చాడు. ఆ తర్వాత పగులుకు రెండు పక్కలా వరసగా రంధ్రాలు వేసి, రాగి తీగతో అక్క కుట్టడం మొదలుపెట్టింది. ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, పెదవి కొరుక్కుంటూ, వాకిట్లో పీట మీద కూర్చుని ఆమె ప్లాస్టిక్‌కు కుట్లు వేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి రోగి ఎట్లున్నాడని అడిగేవాళ్లు. మంచిగున్నడు, బువ్వ తింటున్నడని ఆమె జవాబు చెప్పేది. అయితే ఉత్సాహం ఎక్కువై మొదటిసారి పొరపాటు చేసింది. గాయానికి కట్టు కట్టినట్టు మూత చుట్టూ ఫైబర్ గుడ్డ చుట్టి, గాలి పోయే సందులన్నీ మూసేసింది. ఏసీ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. రఫీక్ వచ్చి, సిస్టరమ్మా, రోగి ముక్కు గూడ కట్టేసినవని చెప్పాడు. మా వాకిట్లో అంతటి నవ్వు మళ్లీ నేను వినలేదు.

రెండోసారి కట్టు సరిగ్గా పడింది. కుట్ల మీద లోపలా బయటా రెసిన్ జిగురు పూయాలి. సరిగ్గా అప్పుడే ఆ దొంకేశ్వర్ ఆడమనిషి ఒక సంచి పట్టుకుని వచ్చింది. దక్కిన కొమ్ముల్లోంచి తీసి, మరలో పట్టించిన పసుపు. అక్క ఆ సంచి వాసన చూసి, గుప్పెడు తీసి రెసిన్‌లో వేసి కలిపేసింది. రఫీక్ నెత్తి పట్టుకున్నాడు. తెగిన చోట పసుపు అద్దడం మన చేతికి పుట్టుకతో వచ్చిన పని, ఇది ప్లాస్టిక్ అని ఆ చేతికి ఎవరు చెప్పాలి?

"పసుపు ఎండకు నిలువదు సిస్టరమ్మా. ఒక్క ఎండాకాలంల ఎగిరిపోతది," అన్నాడు రఫీక్.

"పోతే పోనీ. జర నొప్పి తగ్గేదాక ఉంటె చాలు," అంది అక్క.

గ్లవ్స్ తొడుక్కోమంటే పసుపుకు గ్లవ్స్ ఏందని వినలేదు. ఆ రెసిన్ అంటుకుని ఆమె బొటనవేలు చాలా రోజులు పచ్చగా, గట్టిగా ఉండిపోయింది. అన్నం కలుపుకోలేక నాకు చూపించి విసుక్కునేది, నేను కలిపి పెట్టేదాన్ని. మా ఇద్దరి జీవితంలో ఆమె నా చేత చేయించుకున్న సేవ అదొక్కటే.

రఫీక్ చెప్పినట్టే జరిగింది. మరుసటి వేసవికి టోపీ మీది పసుపు గీత వెలిసి, వెలిసి, తెల్లబడింది. నిచ్చెనెక్కి చూసినప్పుడల్లా అక్క దాని మీద చేయి వేసేది. ఆ కుట్లతోనే బాసర పోయాం, ధర్మపురి పోయాం. ప్రతిచోటా గోదావరి ఒడ్డున బండి ఆపి, ఏసీ వేసుకుని, కిటికీలోంచి నది వెళ్లిపోయే దిక్కు చూస్తూ పడుకునేది. అటు చూసి ఒకే మాట అనేది, అది ఈ రోజుల్లో నా చెవుల్లో నిరంతరం మోగుతోంది. "చెల్లె, ఇది యాడిదాక పోతదో మనం గూడ గాడిదాక పోవాలె."

ధర్మపురి నుంచి తిరిగి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు మీద గాలికి ఒక కుట్టు తెగి, టోపీ దడదడలాడింది. అక్క మళ్లీ కుట్టింది. కానీ రఫీక్ ఈసారి గట్టిగా చెప్పాడు. ఈ కుట్లతో చుట్టుపక్కల ఊళ్లు తిరగొచ్చు, సముద్రం దాకా పోతే దారిలోనే ఎగిరిపోయి వెనక వచ్చేవాళ్ల మీద పడుతుంది. కొలతలు తీసుకుని తానే ఫైబర్‌తో కొత్తది పోసి ఇస్తానన్నాడు. ఇతరులకు దెబ్బ తగులుతుందన్న మాటకు అక్క ఎదురు చెప్పదు. సరేనంది. కొత్త టోపీ రాగానే బయలుదేరుదామని పచ్చళ్లు కట్టిపెట్టింది, నా మందులు సర్దింది, పడకల మీద కొత్త దుప్పట్లు పరిచింది. ఆ కొత్త దుప్పటి మీదే పడుకుని నిద్రపోయింది.

దినకర్మలు ముగిసిన తర్వాత ఒక ఉదయం రఫీక్ ఆటోలో వచ్చాడు. చేతుల్లో పసిబిడ్డను పట్టుకున్నట్టు కొత్త టోపీ పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు. బండి అమ్మేస్తారని ఊళ్లో అనుకుంటున్నారు టీచరమ్మా, నిజమేనా అని అడిగాడు. చుట్టాలు నాకు చెప్పిందీ అదే. నాకు బండి తోలడం రాదు, ఒంటరిగా పడుకోవడం రాదు, నిజం చెప్పాలంటే అక్క పక్కన లేకుండా నాకు ఏదీ రాదు. ముందు పాతది విప్పమన్నాను.

అతను కప్పు ఎక్కి బోల్టులు విప్పి, పాత టోపీని దించి, వాకిట్లో వెల్లకిలా పెట్టాడు. పైన వెలిసి తెల్లబడిన గీత లోపల నిన్ననే కలిపినట్టు పసుప్పచ్చగా మెరుస్తోంది. ప్రతి కుట్టు పక్కనా ఒక బొటనవేలి గుంట. ఒక్కో ముడి మీద రెసిన్ పూసి, అక్కడొకసారి అదిమి, అయిపోయిందని ఆమె చెప్పుకున్న చోట్లు అవి. వేలిముద్రల గీతలు కూడా చెక్కుచెదరలేదు. నా వేలు పెట్టి చూశాను, అక్క వేలు నా వేలి కంటే వెడల్పు.

రఫీక్ కళ్లు తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "లోపట ఎండ తగల్లే టీచరమ్మా. గందుకే గట్లనే ఉంది."

కొత్త టోపీ బిగించమన్నాను. బండి అమ్మడం లేదని, నది ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా పోవాలని చెప్పాను. తానే తోలుకుని తీసుకుపోతానని, భార్యను కూడా తోడు తెస్తానని అతను వెంటనే ఒప్పుకున్నాడు. వచ్చే వారం బయలుదేరుతున్నాం.

అక్కా, నీ వంటి మనిషి మళ్లీ మా ఊరికి దొరకదు, మరో జన్మలో నాకు దొరుకుతావో లేదో తెలియదు. నువ్వు కుట్టిన దేహాలన్నీ ఆర్మూరు బజార్లలో నడుస్తూనే ఉన్నాయి, వాటన్నిటి పక్షాన ఈ నాలుగు మాటలే నా అంజలి. నీ పడక మీద, నువ్వు పరిచిన దుప్పటి మీదే, పాత టోపీని బోర్లా పెట్టాను. ఊళ్లోవాళ్లు వచ్చి, సిస్టరమ్మ వేలిగుర్తులు చూపించమని అడుగుతున్నారు. నాకూ చూడాలనే ఉంటుంది. ఎన్నోసార్లు అంచు దాకా చేయి పోతుంది, తిప్పకుండానే వెనక్కి తీసుకుంటాను, కిటికీ తెర లాగేస్తాను. అక్కకు ఎండ పడదు.