ఖాయమేనా బాబూ

పలాస అచ్చాఫీసులో ఆ పేజీలు విప్పమన్నది నేనేనని ఆనాడు చెప్పలేదు.

అరవైల చివర నేనక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా కంపోజిటరు కవిటి అనే ఊరి మనిషి. అచ్చయిపోయాక, పేర్చిన సీసపు అక్షరాలను విప్పి గళ్లలో వేసే ముందు ఆ పేజీ పేరు చదివి, "ఇప్పీమంటారా? ఖాయమేనా బాబూ?" అనేవాడు. ఆ తర్వాతే సన్నటి వానలా అక్షరాలు రాలే చప్పుడు. అచ్చు కావలసినవి కిటికీ దగ్గర, విప్పవలసినవి గుమ్మం దగ్గర ఉంచేవాడు. "పక్కపక్కనెడితే సెయ్యి మోసం సేత్తాది" అనేవాడు.

ఒక మధ్యాహ్నం జీడిపూత వాసనకు కునుకొచ్చింది. కిటికీ దగ్గర నడుం వాల్చడానికి అక్కడి పేజీలను గుమ్మం వైపు జరిపాను. ఆయన అడిగితే కళ్లు తెరవకుండానే ఊఁ అన్నాను. అది ఒక మాస్టారి పద్యాల పుస్తకం, నెల్లాళ్ల పని. ఇంకా అచ్చు కాలేదు. తప్పు కంపోజిటరుదేననుకుని ఓనరు ఆయన్ను పనిలోంచి తీసేశాడు. ఆయన నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇరవై ఐదేళ్ల తర్వాత, ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తున్నాను. తెర మీద 'దాచు' బటన్‌కు దూరంగా 'చెరుపు' బటన్ పెడతాను. ఫైలు చెరిపే ముందు దాని పేరు చెప్పి మళ్లీ అడిగిస్తాను. అందరూ మెచ్చుకుంటారు.

మొన్న కవిటిలో ఆ కంపోజిటరు ఇంటికి వెళ్లి, "ఆ పేజీలు గుమ్మం వైపు జరిపిందీ, విప్పమన్నదీ నేనే" అన్నాను. ముసలాయన చేతిలోని కొబ్బరాకు పక్కన పెట్టి, "ఖాయమేనా బాబూ?" అన్నాడు.

"ఖాయమే. తప్పు నాది. క్షమించండి."