హారతికి ముందు కుంకుడు నురుగు

నా చిన్నప్పుడు మా అక్కకి ఒళ్ళు కాలిందన్న కబురు జగ్గయ్యపేటలో మా గడపకి మొదట తెచ్చింది, నందిగామ నుంచి మిరపకాయల బస్తాలు తోలుకొచ్చే లారీ సాయిబుగారు. ఆయన ఎప్పుడొచ్చినా వీధిలోంచే "చెల్లెమ్మా, మంచినీళ్ళు" అని అమ్మని కేకేసేవారు. ఆ రోజు నీళ్ళు అడగలేదు. నాన్నగారిని అరుగు దిగి రమ్మని, మెల్లగా ఏదో చెప్పి, తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. బస్తాలు దించకుండానే అమ్మానాన్నలని ఎక్కించుకుని లారీ వెనక్కి తిప్పారు. ఆయన అలా తీసుకెళ్ళబట్టే అక్క ఇంకా మనుషుల్ని గుర్తుపడుతుండగా అమ్మ చూడగలిగింది. ఆ మేలుకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అక్క అంటే మా పెదనాన్నగారి ఒక్కగానొక్క కూతురు. నేను బడి మొహం చూడలేదు. వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించింది అక్కే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

నందిగామలో వాళ్ళింట్లో పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్వు ఉండేది. ఆ రోజు పెదనాన్నగారికోసం ఎవరో పత్తి బేరానికి వచ్చారు. అక్క కాఫీ కాస్తుండగా స్టవ్వులో నూనె అయిపోయింది. ముందుగదిలోంచి పెద్దమ్మ "త్వరగా కానివ్వవే" అని కేకేసింది. మంట ఆరిందనుకుని, వేడి తగ్గకముందే అక్క నూనె పోసింది. అంతే. ఆ తరువాత సంగతి నేను రాయలేను.

స్టవ్వుని పెదనాన్నగారు ఊరవతల పారేయించారు. పెద్దమ్మ మళ్ళీ కట్టెల పొయ్యికి మళ్ళింది. కళ్ళల్లో నీళ్ళు పొగవల్ల వచ్చాయో మరెందువల్ల వచ్చాయో అడిగేవాళ్ళు లేరు. బహుశా ఆమెకి కావలసింది కూడా అదేనేమో. కొన్నేళ్ళకి ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. పొగ మానకపోతే మనిషి దక్కదని డాక్టరుగారు చెప్పారు. అప్పుడే నన్ను పెద్దమ్మకి తోడుగా నందిగామ పంపించారు.

బెజవాడలో గ్యాసు పొయ్యిలు వచ్చాయని విని పెదనాన్నగారు తెప్పిస్తానన్నారు. పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఈ ఇంట్లోకి ఇంకో స్టవ్వు రావాలంటే ముందు నేను బయటికి పోవాలి" అంది. పెదనాన్నగారు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. "నువ్వు కూడా పోతే నేను ఎవరితో మాట్టాడనే?" అన్నారు. పెద్దమ్మ సరేనన్నట్టు తలూపింది.

వంటింటికి సున్నం వేయించారు. కట్టెల పొయ్యి పెరట్లోకి మార్చారు. జీపులో గ్యాసు బండ వచ్చింది. బిగించడానికి వచ్చినాయన కిటికీ పక్కన అరుగు మీద పొయ్యి పెట్టి, కింద బండ నిలబెట్టి, రబ్బరు గొట్టం తగిలించాడు. పొయ్యి మరలన్నీ కట్టేసి, బండ మర ఒక్కటే తిప్పి, గొట్టం కొసలకి సబ్బు నురుగు రాశాడు. నురుగులో బుడగ ఉబ్బితే గ్యాసు బయటికి పోతున్నట్టని, ఎప్పుడు కదిలించినా ఇలా చూసుకోవాలని చెప్పాడు. పెద్దమ్మ వంటింట్లోకి రాలేదు. గుమ్మం బయట నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

ఆయన వెళ్ళిపోయాక మా నాయనమ్మ వచ్చి చూసి నొసలు చిట్లించింది.

"ఏందిరా ఇది? అగ్నిదేవుణ్ణి కిటికీ పక్కన కూచోబెడతారా? ఆగ్నేయం మూల ఉండాలి. వండేవాళ్ళ మొహం తూర్పుకి తిరగాలి."

"అమ్మా, అది బెజవాడ నుంచి వచ్చిన దేవుడు. దిక్కులు తెలవ్వు" అని పెదనాన్నగారు నవ్వారు.

"నీకు తెలుసుగా, తిప్పు."

ఆ ఇంట్లో నాయనమ్మ మాటకి తిరుగులేదు. పెదనాన్నగారు పొయ్యిని మూలకి జరిపారు. బండ జరపడానికి అక్కడ తావు లేక దాన్ని ఉన్నచోటే ఉంచారు. గొట్టం బారు చాలక బిగిసిపోయింది. కాస్త లాగి సరిపెట్టారు. నాయనమ్మ పొయ్యికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. పెదనాన్నగారు బండ మర తిప్పారు. ముందు హారతి ఇచ్చి ఆ తరువాత వెలిగిద్దామని నాయనమ్మ పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. కొత్త సున్నం వాసనలో మాకు ఇంకే వాసనా తెలియలేదు.

"గియ్యమాకండి!"

పెద్దమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. వస్తూనే అత్తగారి చేతిలోంచి అగ్గిపెట్టె లాగేసుకుంది. ఆవిడ చేతిలోంచి ఎవరైనా ఏదైనా లాక్కోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

"పొయ్యి కదిలింది అత్తయ్యా. ముందు నురుగు చూడాలి. హారతి తరవాత."

"శుభమా అని హారతిస్తుంటే అడ్డమొస్తావేందే?"

పెద్దమ్మకి ఆయాసం వస్తోంది. పెరటి వైపు వేలు చూపించి, "కుంకుళ్ళు" అని మాత్రం నాతో అనగలిగింది. తలంట్లకి నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె పరుగున తెచ్చాను. పెద్దమ్మ రసం చిలికి, నురుగు తీసి, గొట్టం కొసలకి రాసింది. బండ దగ్గర ఏమీ లేదు. పొయ్యి దగ్గర రాయగానే నురుగులో ఒక బుడగ లేచి, ఉసిరికాయంత ఉబ్బి, చిట్లింది. దాని వెనకే ఇంకొకటి.

పెద్దమ్మ బండ మర తనే కట్టేసింది. తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించి, లైటు స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పి, అందరినీ పెరట్లోకి పంపింది. నాయనమ్మ వెలిగించని కర్పూరం పళ్ళెంతోనే బయటికి వచ్చి, మెట్టు మీద కూలబడి, పెద్దమ్మ వంకే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ కళ్ళల్లో కోపం లేదు.

గ్యాసాయన మళ్ళీ వచ్చేదాకా వంట పెరట్లోనే జరిగింది. ఆయన కొత్త గొట్టం కావలసినంత బారున వేసి, రెండు కొసలా బిగింపులు పెట్టాడు. ఈసారి ఆయన పక్కనే కూర్చుని నురుగు రాసింది పెద్దమ్మే. బుడగ లేవలేదు. నాయనమ్మ కర్పూరం పట్టుకుని గుమ్మంలోనే ఆగి, "చూశావటే?" అని అడిగింది. "చూశానత్తయ్యా" అన్నాక లోపలికి వచ్చి హారతి ఇచ్చింది. భక్తి ఏమీ తగ్గలేదు. వేదాద్రి నరసింహస్వామి ఆ ఇంటిని ఆ వేళ కాపాడాడంటే, పెద్దమ్మ కళ్ళతో చూసి, పెద్దమ్మ చేతులతోనే కాపాడాడని నేను నమ్ముతాను.

అందరూ వెళ్ళాక పెద్దమ్మ పాలగిన్నె పెట్టింది. నీలం మంట వెలిగింది. పొగ లేదు. అయినా ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఈసారి చెప్పుకోవడానికి పొగ కూడా లేదు. పాలు కాగినట్టనిపించి గిన్నె దించుదామని నేను చెయ్యి చాచాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నిదానంగా, సుగుణా. తొందరేం లేదమ్మా. ఎవరూ కేకెయ్యట్లేదు."

అది నా పేరు కాదు. అక్క పోయాక ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. నేను దిద్దలేదు. "ఊఁ" అన్నాను. ఆమె నా చెయ్యి వదలకుండా పాలు పొంగేదాకా అలాగే నిలబడింది.

పొగలేని వంటిల్లు పెద్దమ్మకి ఎక్కువ ఏళ్ళు దక్కలేదు. పాడైన ఊపిరితిత్తులు బాగుపడలేదు. కానీ మా ఇళ్ళల్లో బండ మార్చిన ప్రతిసారీ నురుగు చూడనిదే ఎవరూ అగ్గిపుల్ల గియ్యరు. వంటింట్లో ఉన్న ఏ పిల్లనీ "త్వరగా" అని నేను కేకెయ్యను. ఆకలితో ఎవరు ఎదురుచూస్తున్నా సరే, ఆ మాట నా నోట రాదు.

ఇది చదివిన తల్లులు నన్ను గుర్తుపెట్టుకోనక్కరలేదు. పొయ్యి దగ్గర మీ పిల్ల కాస్త ఆలస్యం చేసినప్పుడు, కేకెయ్యబోయే ముందు, నాకు అక్షరాలు దిద్దించిన, నందిగామ సుగుణ అనే పిల్లని ఒక్కసారి తలుచుకోండి.