జనార్దనయ్య శెట్టి ఒత్తు పట్టిన పెళ్ళి

ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని సామెత. ఆ సామెత పుట్టించినవాడెవడో ఉదయగిరి బజారులో జనార్దనయ్య శెట్టిని చూసి ఉండడు. చూసి ఉంటే చెంపలేసుకునేవాడు. మిరపకాయలు, చింతపండు అమ్మే ఆ మనిషి తూకంలో ఎంత నిక్కచ్చో కన్నీళ్ళలో అంత ధారాళం. హరికథలో సీతమ్మ అడవికి పోతుంటే ఏడుపు. పక్కింటి గేదె చచ్చిపోతే, గేదె గలవాళ్ళకంటే ముందు ఈయన ఏడుపు. నవ్వేవాళ్ళు నవ్వేవారు గానీ, కష్టమొస్తే మాత్రం అందరూ ఆయన అంగడి మెట్లే ఎక్కేవారు.

పెద్దకూతురు సుబ్బరత్నాన్ని ఆత్మకూరు ఇచ్చినప్పుడు వచ్చింది అసలు తంటా. పిల్లను బండెక్కించగానే కాడి పట్టుకుని బావురుమన్నాడు. నాయన అట్లా ఏడుస్తుంటే ఏ పిల్ల కూర్చుంటుంది? దిగి వచ్చి మెడ కావిలించుకుంది. ఎక్కించడం, మళ్ళీ దిగడం. ఈ లోగా మంచి గడియ దాటిపోయి వర్జ్యం వచ్చి కూర్చుంది. వియ్యపురాలు ఊరుకుంటుందా?

"మీరు పిల్లను సాగనంపతా ఉండారా, శవాన్ని ఎత్తతా ఉండారా?" అనేసింది.

ఆ తరువాత అత్తగారింట్లో పాలు విరిగినా, కుండ పగిలినా "వర్జ్యంలో వచ్చిన కోడలు" అనే మాట సుబ్బరత్నానికి తప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు చిన్నకూతురు ప్రమీలకు సీతారామపురం సంబంధం కుదిరింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఆ పిల్ల తండ్రిని పట్టేసింది.

"నాయనా, నువ్వు ఏడిస్తే నేనూ బండి దిగేస్తాను. నా వల్ల కాదు. అక్కను పొడిచినట్టే నన్నూ జనమంతా పొడస్తారు. ఏడవనని మాట ఇయ్యి."

"ఇచ్చినాను తల్లీ," అన్నాడు. అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇదీ వరస!

అయినా కూతురికిచ్చిన మాట. దిగులుతో ఆయనకు ముద్ద దిగలేదు. ఆ దిగులులోనే ఒక పెళ్ళికి పోతే అక్కడ చెంచయ్య కనిపించాడు. చెంచయ్య వాళ్ళన్న సన్నాయి ఊదుతాడు. పక్కనే నిలబడి చెంచయ్య ఒత్తు ఊదుతాడు. ఒత్తంటే పొడుగాటి గొట్టం. దాంట్లో ఒకే స్వరం, మొదలు నుంచి చివరిదాకా తెంపు లేకుండా మోగాలి. అప్పగింతల్లో ఇంటిల్లిపాదీ కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే చెంచయ్య మాత్రం రాయిలా నిలబడి ఊదుతున్నాడు.

"నీకు ఏడుపు రాదా చెంచయ్యా?" అని అడిగాడు శెట్టి.

"ఏడిస్తే ఊపిరి తెగదా శెట్టిగారూ! పెళ్ళింట శ్రుతి తెగితే మా అన్న నన్ను బతకనిస్తాడా?"

ఇంకేముంది, శెట్టికి మందు దొరికింది. ఒత్తు పట్టినవాడు ఏడవలేడు. కాబట్టి ఒత్తు నేర్చుకోవాలి. ఒకే స్వరం కదా, ఎంతసేపు పడుతుంది?

తీరా చెంచయ్యను అంగడికి పిలిపించి, ఒత్తు పట్టుకుని ఊదితే గేదె ఈనుతున్నట్టు మోగింది. బజారు బజారంతా బయటికొచ్చి చూసింది. చెంచయ్య నవ్వు ఆపుకుని ఒత్తు లాక్కున్నాడు. బోలుగా ఉన్న ఆముదపాకు కాడ ఒకటి తెంచి, చెంబు నిండా నీళ్ళు పోసి ముందు పెట్టాడు.

"దీంతో ఊదండి. బుడగలు నిలబడకూడదు. అవి ఆగినాయంటే మీ ఊపిరి తెగినట్టే."

ఊదుతూనే గాలి పీల్చుకోవడమెట్లాగో శెట్టికి ఎంతకీ బోధపడలేదు. ముఖం జేవురించేదాకా ఊదడం, ఆయాసపడడం. చివరికి చెంచయ్యే శెట్టి భాషలో చెప్పాడు.

"అంగట్లో చింతపండు ఖాళీ అయినాక తెప్పిస్తారా మీరు? అమ్మతా ఉండంగానే తెప్పిస్తారు కదా. బుగ్గలు మీకు గోదాము. గోదాములో గాలిని నోటితో అమ్మతా ఉండండి, కొత్త సరుకు ముక్కుతో దించుకోండి."

అరె, అంతేనా! అప్పటినుంచి అంగట్లో నోట కాడ, ఒళ్ళో చెంబు. గిరాకీ వస్తే తలాడించడమే. ధనియాలడిగినవాళ్ళకు మిరపకాయలు కట్టాడు, మిరపకాయలడిగినవాళ్ళకు మళ్ళీ మిరపకాయలే కట్టాడు. భార్య పద్మావతమ్మ నెత్తి కొట్టుకుంది.

"సింగినాదం జీలకర్ర! పెళ్ళి నెత్తిమీదికొచ్చినాది, పందిరికి రాటలు తెప్పించలా, బుడగలూదతా కూచోనుండారు! పిల్లనిచ్చే తండ్రి పోయి మేళంలో నిలబడితే వియ్యంకులు ఏమనుకుంటారు?"

"ఏడిస్తే ఏమనుకున్నారో చూసినావు కదా," అన్నాడు శెట్టి, కాడ తీసి. రాటల కోసం ఆమే మనిషిని పంపింది.

పెళ్ళయింది. అప్పగింతల్లో పాలల్లో ముంచిన ప్రమీల చేతులు అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు శెట్టి పళ్ళు బిగబట్టాడు. మాటలన్నీ పద్మావతమ్మే చెప్పింది. పిల్ల బండి వైపు నడవగానే ఆయన గబగబా పోయి చెంచయ్య చేతిలోని ఒత్తు అందుకున్నాడు. వియ్యంకులు నోళ్ళు తెరిచారు. సన్నాయి లేచింది, దాని కింద శెట్టి శ్రుతి నిలబడింది.

ప్రమీల బండెక్కి తండ్రి వైపు చూసింది. ఆయన కళ్ళ నుంచి ధారలు కారుతున్నాయి. బుగ్గల మీదుగా జారి ఒత్తు మీద పడుతున్నాయి. శ్రుతి మాత్రం సన్నగిల్లలేదు. మందు పనిచెయ్యలేదు పాపం, కన్నీళ్ళు ఆగలేదు. ఆగింది ఎక్కిళ్ళే.

ఆ పిల్ల కాలు కిందికి దించబోయింది. పద్మావతమ్మ ఒకడుగు ముందుకేసింది. ప్రమీల ఒక్క క్షణం ఆ శ్రుతి విని, కాలు పైకి తీసుకుంది.

"పోనీయండి," అంది బండివాడితో, ఏడుస్తూ నవ్వుతూ.

మంచి గడియలోనే బండి కదిలింది. కాస్త దూరం పోయాక సన్నాయి ఆగింది. ఇంక చాలు శెట్టిగారూ అని చెంచయ్య ఒత్తు కోసం చెయ్యి చాపాడు.

ఆ చేతిని పద్మావతమ్మ అడ్డుకుంది. కొంగుతో మొగుడి ముఖం తుడిచింది.

"ఊదండి," అంది. "బండి ఇంకా మలుపు తిరగలా. దానికి వినపడతా ఉంటాది."

జనార్దనయ్య ముక్కుతో గాలి దించుకుని, ఊదుతూనే ఉన్నాడు.