పరిగి మండలంలో పుట్టి నాన్‌లోకల్

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, కౌన్సెలింగు మొదలు కావడానికి రెండు రోజుల ముందు, నన్ను ధర్మవరంలోని హెల్ప్‌లైన్ సెంటరుకు వెరిఫికేషన్ ఆఫీసరుగా వేశారు. అప్పటికి ఫార్మసీ లెక్చరరుగా నా సర్వీసంతా మాత్రల గట్టిదనం, సిరప్పుల చిక్కదనం చెప్పడంలోనే గడిచింది. పిల్లలు మా తరగతి గదిలోకి ఏ దారిన వస్తారో చూసే అవకాశం అప్పుడే దొరికింది. చూడకపోయినా బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

పని ఏమిటో చెబుతాను. బి.ఫార్మసీలో చేరాలంటే ఇంటర్ పాసై, ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకోవాలి. తరువాత సర్టిఫికెట్ల పరిశీలన, కాలేజీల ఎంపిక, సీటు కేటాయింపు. ఇప్పుడు చాలామందికి పరిశీలన కంప్యూటర్లోనే అయిపోతుంది. ఎక్కడో ఒకచోట వివరాలు పొసగనివాళ్లే మా దగ్గరికి వస్తారు. నా వంతు, వాళ్ల ఒరిజినల్స్ చూసి లోకల్, నాన్‌లోకల్ తేల్చడం. కన్వీనర్ కోటా సీట్లలో వందకు ఎనభై అయిదు లోకల్ వాళ్లకే. మిగిలిన పదిహేను అందరికీ. కాబట్టి ఆ ఒక్క మాటతో పిల్లల జాతకం మారిపోతుంది.

రెండో రోజు నరసింహప్ప అనే రైతు కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. పరిగి మండలంలో రాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న పల్లె వాళ్లది. తెల్లవారుజామునే హిందూపురంలో రైలెక్కి వచ్చారు. అమ్మాయి పేరు లావణ్య. ర్యాంకు మంచిది. మా ప్రాంతపు లోకల్ లెక్కలో ఆమె కోరుకున్న హిందూపురం దగ్గరి కాలేజీలో సీటు ఖాయం. ఆ ఒక్క కాలేజీకే ఇంటి నుంచి పోయి రావచ్చు. హాస్టల్లో పెట్టే శక్తి తనకు లేదని తండ్రి ముందే చెప్పాడు. డాక్టరు చదువు ఎందుకు అనుకోలేదని అడిగితే ఆ పిల్ల, “అంత ర్యాంకు యాడ వస్తాది సార్, మందులన్నా తెలుసుకోవల్ల” అంది. ఆ జవాబు నాకు నచ్చింది.

ఫైలు తిప్పాను. ఇంటర్ హిందూపురంలో. పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం కర్ణాటక బోర్డుది. ఆరు నుంచి పది దాకా సరిహద్దు అవతలి ప్రభుత్వ బడిలో చదివింది. ఎందుకని అడిగాను.

“మా ఊర్లో ఐదు దాంకనే ఉండాది సార్. ఆ పక్క ఇస్కూలుకైతే గట్టెంబడి నడిసిపోవచ్చు. ఈ పక్కదానికి పోవల్లంటే ఆటో ఎక్కల్ల. ఆడపిల్లని ఒంటిగా ఎట్ల పంపేది?” అన్నాడు నరసింహప్ప. “అయినా బార్డరు మాకు యాడ కనపడతాది సార్? మా శెనక్కాయల చేనే సగం ఆ పక్క ఉండాది.”

నిబంధన ఇలా ఉంటుంది. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు మన ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, రెండేళ్ల ఇంటర్. అది కుదరకపోతే ఇంటర్‌తో ముగిసే వరుస ఏడేళ్ల చదువు చూస్తాం, ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే అయి ఉండాలి. లావణ్యకు రెండూ కుదరవు. నివాస ధ్రువపత్రం పనికొస్తుందేమోనని వాళ్లు పరిగి తహసీల్దారు దగ్గర ఒకటి తీసుకున్నారు. అది చాలదని ఎవరో చెబితే పెనుకొండ రెవెన్యూ డివిజన్ ఆఫీసు చుట్టూ తిరిగి పైసంతకం కూడా వేయించుకొచ్చారు. ఆ కాగితం చెల్లదు. ఏ బడిలోనూ చదవని సంవత్సరాలకు మాత్రమే నివాసం లెక్కకు వస్తుంది. ఈ పిల్ల బడి మానేసి, నాలుగేళ్లు ఇంటి దగ్గర మేకలు కాసుకుంటూ ప్రైవేటుగా పరీక్షలు రాసి ఉంటే లోకల్ అయ్యేది. రోజూ నడిచి బడికి పోయినందుకు పరాయిది అయింది. ఇది రాసినవాళ్లు ఒక్కరోజయినా సరిహద్దు పల్లెలో పడుకొని లేచారా అని నాకు ఒళ్లు మండిపోయింది.

నిబంధన వెనుక ఉద్దేశం చెడ్డది కాదు. మన పిల్లల సీట్లు బయటివాళ్లు తన్నుకుపోకూడదనే పెట్టారు. ఎవరిని ఆపుతుందో అరగంటలో నా బల్ల మీదే తేలింది. లావణ్యను పక్కన కూర్చోబెట్టి తరువాతి అభ్యర్థిని పిలిచాను. హిందూపురం కాంట్రాక్టరు కొడుకు. ఆదాయ ధ్రువపత్రం పాతది కావడంతో వచ్చాడు. చదువంతా హిందూపురం ప్రైవేటు స్కూల్లో, కాలేజీలో ఉన్నట్లు సర్టిఫికెట్లు అద్దంలా ఉన్నాయి. మీ కాలేజీ ప్రిన్సిపాల్ ఎవరని మాటవరసకు అడిగితే కుర్రవాడు తెల్లముఖం వేశాడు. తండ్రి కలగజేసుకొని, తొమ్మిది నుంచీ వాడు బెంగుళూరు హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్నాడనీ, పేరు మాత్రం ఇక్కడి రోల్స్‌లో నడిచిందనీ దాపరికం లేకుండా చెప్పాడు. అందరూ చేసేదే కదా సార్ అన్నాడు. ఆ సంగతి మా సెంటరు కోఆర్డినేటరుకు చెప్పాను. కాగితాలు సరిగ్గా ఉంటే మాటలతో మనకు పని లేదన్నారు. వాడు లోకల్. లావణ్య విషయం పైకి రాయమన్నాను. ఫోన్ చేశారు. అటువైపు నుంచి కూడా కాగితాల్లో ఉన్నదే లెక్క అన్న మాటే వచ్చింది.

కర్ణాటక కౌన్సెలింగు కూడా విచారించాను. అక్కడ ఏడేళ్లు చదివి ఉండాలి. ఈమెకు ఐదే. రెంటికి చెడ్డ రేవడి అంటారే, చదువుకున్న పాపానికి ఆ పిల్లను అలా చేశాం.

నాన్‌లోకల్ అని కొట్టి సంతకం పెట్టాను. లావణ్య ఏడవలేదు. “నేను యాడిదాన్ని సార్ మరి?” అని మాత్రం అడిగింది. నరసింహప్ప ఏం తప్పు చేశామో చెప్పమన్నాడు. తప్పేమీ లేదనీ, తొమ్మిది నుంచి రికార్డు ఈ పక్క ఉండి ఉంటే సరిపోయేదనీ చెప్పాను. గేటు బయట ఒక ప్రైవేటు కాలేజీ మనిషి కరపత్రాలు పంచుతున్నాడు. మేనేజ్‌మెంట్ సీటుకు లోకల్ గొడవే లేదని వాళ్లకు చెప్పాడట. ఆ సీటు కొనుక్కునేవాళ్ల పిల్ల చంద్రమండలంలో చదివినా అభ్యంతరం లేదు. కొనలేనివాళ్లనే ఎక్కడ చదివావని నిలదీస్తాం.

అందరికీ ఉన్న ఆ పదిహేను శాతం సీట్లలో ఆమె ర్యాంకుకు ఎక్కడో కోస్తాలో సీటు వచ్చింది. తండ్రి పంపలేకపోయాడు. హిందూపురంలో బి.ఎస్సీ.లో చేరింది.

రిటైరయ్యాక ఒకసారి హిందూపురం బస్టాండులో నరసింహప్ప కనిపించాడు. నేను గుర్తుపట్టేలోగానే తనే వచ్చి చేతులు పట్టుకున్నాడు. లావణ్య డిగ్రీ అయిపోవచ్చిందన్నాడు. ఆమె చెల్లెలు ఇప్పుడు తొమ్మిదో తరగతి.

“చిన్నదాని ఇసయంలో ముందే జాగ్రత్త పడినాం సార్. పేరు హిందూపురం ప్రైవేటు ఇస్కూల్లో ఉండాది. చదివేది మాత్రం ఆడే, అక్క చదివిన ఇస్కూల్లోనే. ఆ హెడ్‌మాస్టరు మంచోడు, కూసోనిస్తాండాడు. పరీచ్చలకి మాత్రం ఈడికొస్తాది. మీరు చెప్పినట్లే చేసినాం సార్, రికార్డు ఈ పక్కే ఉండాది” అన్నాడు. ముఖంలో కృతజ్ఞత తప్ప ఇంకేమీ లేదు.

నేను అలా చేయమనలేదని చెప్పబోయి ఆగిపోయాను. కౌన్సెలింగుకు ఈ రెండో అమ్మాయి వచ్చినప్పుడు నా కుర్చీలో కూర్చున్నవారు లోకల్ అని నిమిషంలో రాసేస్తారు. ఫార్మసీలో చేరడానికి ఏం కావాలని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. ర్యాంకు, మార్కులు అంటాను. సరిహద్దు పల్లెలవాళ్లకు మాత్రం ఇంకొకటి కూడా కావాలి. ఒక అబద్ధం. ఆ రోజు నా బల్ల దగ్గరికి నిజం చెబుతూ వచ్చిన కుటుంబం దాన్ని మా దగ్గరే నేర్చుకొని వెళ్లింది.