ఉప్పు చెప్పే ముక్కు

మా పాలకొల్లు వీధిలో శివరామకృష్ణగారి ముక్కుకి ఉన్న గౌరవం ఆయన డిగ్రీలకి లేదు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. "కళ్లు మోసం చేస్తాయి, చెవులు మోసం చేస్తాయి, తాడుని చూసి పామనుకునే మనుషులం మనం" అని దారినపోయేవాళ్లని ఆపి మరీ చెబుతారు. ముక్కుని మాత్రం ఆ వరసలో ఏనాడూ చేర్చలేదు. సొంత సొత్తు కదా.

దసరా పందిట్లో అమ్మవారికి పులిహోర వీధంతా కలిసి చేస్తాం. నైవేద్యం పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. వాసన చూస్తే ఎంగిలి కాదని మా వీధి తీర్మానం. అందుకని మాస్టారు గంగాళం మీదికి వంగి, ఒక్కసారి వాసన పీల్చి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవారు. ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఏడు వేసవిలో ఆయనకి జ్వరం తగిలింది. పోతూ పోతూ వాసనతోపాటు రుచిని కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. ముక్కు పోయిందంటే వీధిలో ఇక తనకి మిగిలేవి ఉపన్యాసాలే. అవి వినేవాళ్లు లేరని ఆయనకీ తెలుసు.

పండగ మొదటిరోజు ఆయన భార్య వెంకటదుర్గగారు కొవ్వూరులో అక్కగారింట్లో ఉండిపోయారు. పక్కింటి మరిడమ్మగారు పులిహోర కలిపి, "చూడండి మాస్టారూ" అన్నారు. ఆయన వంగారు, పీల్చారు, కళ్లు మూసుకున్నారు. రోజూ వేసే ఉప్పు ఇవాళ మాత్రం ఎందుకు వేయరు అని తర్కించుకుని, "దివ్యంగా ఉందండి" అన్నారు. ఇలాంటి తర్కమే పరీక్షలో రాస్తే ఒకప్పుడు నాకు ఆయనే సున్నా వేశారు.

మరిడమ్మగారు ఉప్పు మరిచిపోయారు.

ప్రసాదానికి వంక పెట్టకూడదు. అందరం కళ్లకద్దుకుని, చప్పటి పులిహోర నోట్లో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మిరాజుగారు మెల్లగా ఇంటికెళ్లి ఆవకాయ జాడీతో వచ్చారు. జాడీ చేతులు మారింది. హాయిగా తింటున్న మాస్టారు ఎర్రబడ్డ మా దొన్నెల్ని చూశారు. పొగని బట్టి నిప్పుని తెలుసుకోవడం బతుకంతా నేర్పిన మనిషి. తన దొన్నె కింద పెట్టేశారు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది.

మర్నాడు వెంకటదుర్గగారు వచ్చి తనే పులిహోర కలిపారు. వీధంతా ఎదురుచూస్తోంది. మాస్టారు గంగాళం దగ్గరికి వచ్చారు గానీ వంగలేదు.

"దుర్గా, నువ్వే చెప్పు. నాకు వాసన తెలియడం లేదు" అన్నారు, అందరికీ వినపడేలాగే.

"తెలుసండి" అన్నారావిడ. "జ్వరం తగ్గాక ఒకరోజు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే మీరు పక్కనే కూర్చుని పేపర్ చదువుకున్నారు."

"మరి అడగలేదేంటి?"

"మీరే చెబుతారని చూశానండి. ఉప్పు వేశాను. నా మాట నమ్ముతారా?"

సొంతంగా పరీక్షించకుండా దేవుడు చెప్పినా నమ్మొద్దని మాకు పాఠం చెప్పిన మాస్టారు, గంగాళం వైపు చూడనైనా చూడలేదు. వీధివైపు తిరిగి, "ఉప్పు సరిపోయిందండి" అన్నారు.